గుట్టా? రట్టా?

జపాన్ మాజాంగ్‌లో ఇంకొక్క బిళ్ల పడితే గెలుపే. ఆ సంగతి చుట్టూ ఉన్న ముగ్గురికీ చాటాలా, గుంభనంగా ఉండిపోవాలా? మౌనం ఎప్పుడు తెలివో, ఎప్పుడు వట్టి జంకో ఈ ఆట లెక్కలు కట్టి మరీ చూపిస్తుంది.

చదరపు బల్ల చుట్టూ నలుగురు. ఒక్కొక్కరి ముందు పారేసిన బిళ్లలు ఆరేసి చొప్పున వరసలు కట్టి ఉన్నాయి. వారిలో ఒక ఆటగాడి చేతిలోని 13 బిళ్లలు చూడండి: అక్షరాల రంగులో 2-3-4, చుక్కల రంగులో 3-4-5, వెదురు రంగులో 6-7-8, మళ్లీ వెదురులోనే 3-4, ఇవి కాక చుక్కల ఎనిమిదులు రెండు. వెదురు 2 గానీ 5 గానీ వస్తే ఆట పూర్తి. ఒక్కో రకం నాలుగేసి ఉంటాయి కాబట్టి గెలిపించే బిళ్లలు మొత్తం ఎనిమిది. ఇప్పుడతను చేతిలో అదనంగా ఉన్న బిళ్లను పారెయ్యాలి. దాన్ని అందరిలాగే నిలువుగా పెడితే ఎవరికీ ఏమీ తెలియదు. అడ్డంగా తిప్పి పెట్టి, పైకి ‘రీచి’ అని, ఎర్రచుక్క ఉన్న వెయ్యి పాయింట్ల పుల్లను బల్ల మీద ఉంచితే మాత్రం ‘నాకిక ఒక్క బిళ్లే తక్కువ’ అని ముగ్గురికీ చెప్పినట్టే. ఆ బిళ్ల నిలువుగా పడాలా, అడ్డంగా పడాలా? జపాన్ మాజాంగ్‌లో ఇంతకంటే తరచుగా ఎదురయ్యే చిక్కుప్రశ్న, ఇంతకంటే తరచుగా తప్పు జవాబు దొరికే ప్రశ్న మరొకటి లేదు. ఆ తప్పు కూడా ఎక్కువగా ఒకే వైపు జరుగుతుంది. చాటవలసిన చోట దాచుకుంటారు, దాచుకున్నందుకు జాగ్రత్తపడ్డామని అనుకుంటారు.

పదమూడు ముక్కల రమ్మీ తెలిసిన తెలుగువారికి ఈ ఆట మరీ కొత్తగా అనిపించదు. తియ్యడం, పారెయ్యడం, సీక్వెన్సులూ సెట్లూ కట్టుకోవడం అన్నీ ఇందులోనూ ఉన్నాయి. మొత్తం 136 బిళ్లలు, 34 రకాలు. మూడు రంగుల్లో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, నాలుగు దిక్కుల గాలులు, మూడు డ్రాగన్లు. పద్నాలుగో బిళ్లతో నాలుగు మూడేసి జట్లు, ఒక జత కుదిరితే గెలుపు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగానే గుర్తించింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం నేర్పుతో కూడిన పని అన్నది అందుకు చూపిన కారణం. జపాన్ వాళ్లు ఆ నేర్పు మీద ఇంకో మెట్టు కట్టారు. రమ్మీలో ఒక్క ముక్క కోసం ఆగినవాడు ఆ మాట పైకి అనడు, అంటే ఒరిగేదేమీ లేదు కాబట్టి. ఇక్కడ ఆ మాట పైకి అన్నవాడికి బహుమానం ఉంది. బహుమానంతో పాటు ఒక శిక్షా ఉంది. ఆ రెండింటినీ తూచడమే మన విషయం.

మాజాంగ్ పుట్టిల్లు చైనా. సిచువాన్‌లో పాఠాలు చెప్పిన నగావా హికోసాకు 1909లో ఒక ఆటపెట్టెను జపాన్‌కు తెచ్చాడని అక్కడి చరిత్ర చెబుతుంది. 1920లలో తోక్యోలో క్లబ్బులు వెలిశాయి. 1929లో ఏర్పడ్డ జపాన్ మాజాంగ్ సమాఖ్యకు ప్రసిద్ధ రచయిత కికుచి కాన్ తొలి అధ్యక్షుడు. రీచి నిబంధన ఇంటింటా పాతుకుపోయింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తరవాతే. మెట్టినింట్లో ఆట స్వభావమే మారిపోయింది. ఇప్పుడు ప్రపంచమంతా జపాన్ పద్ధతిని ‘రీచి మాజాంగ్’ అనే పిలుస్తోంది. ఒక్క బిళ్ల దూరంలో ఉన్న స్థితిని అక్కడ ‘తెన్‌పై’ అంటారు. ఆ స్థితిలో ఉండీ రీచి చెప్పకుండా కూర్చోవడానికి రెండు పేర్లున్నాయి. ఒకటి ‘యామితెన్’. యామి అంటే చీకటి. రెండోది ‘దమతెన్’. దమరు అంటే నోరు మెదపకపోవడం. చీకటి, మౌనం అన్న ఈ రెండు పేర్లలోనే ఒక ఆకర్షణ ఉంది. కత్తిని ఒరలో దాచుకున్న యోధుడి బొమ్మ కళ్లముందు కదులుతుంది. ఆ బొమ్మే ఆటగాళ్లను చాలాసార్లు దారి తప్పిస్తుంది.

చాటితే వచ్చేది, పోయేది

రీచి ఒక ఒప్పందం లాంటిది. ఎవరి బిళ్లనూ ఎత్తి బహిరంగంగా జట్టు కట్టుకోని, చెయ్యంతా మూసి ఉంచుకున్న ఆటగాడే దానికి అర్హుడు. చెప్పిన వెంటనే అతని పేర్పు విలువ ఒక ‘హాన్’ పెరుగుతుంది. విలువను కొలిచే మెట్టు పేరు హాన్. రీచి చెప్పాక ఒక్క చుట్టు తిరిగేలోగా గెలిస్తే ఇంకో హాన్. గెలిచాక, బిళ్లలు తీసుకునే పేర్చిన వరస, అంటే ‘గోడ’, అడుగున దాగిన బోనసు బిళ్లను, అంటే ఉరా డోరాను, తిప్పి చూసే హక్కు రీచి చెప్పినవాడికే. అది చేతిలోని బిళ్లకు సరిపోతే మరో హాన్. అన్నిటికంటే ముఖ్యమైనది వేరే ఉంది. ఈ ఆటలో నాలుగు జట్లు, ఒక జత కుదిరితేనే సరిపోదు. ‘యాకు’ అనే గుర్తింపు పొందిన లక్షణం కనీసం ఒకటైనా పేర్పులో ఉండాలి. ఏ లక్షణమూ లేని పేర్పుకు రీచి దానంతటదే ఆ లక్షణాన్ని ఇస్తుంది. ఇక పోయేది చూద్దాం. వెయ్యి పాయింట్ల పుల్ల గెలిస్తే తిరిగొస్తుంది, లేకపోతే గెలిచినవాడి పాలవుతుంది. చేతిలోని పేర్పు బిగుసుకుపోతుంది. ఇక గెలిపించే బిళ్ల తప్ప ఏది తీసినా, అది ఎంత ప్రమాదకరమైనదైనా, పారెయ్యక తప్పదు. మిగిలిన ముగ్గురూ జాగ్రత్తపడతారు.

ఈ జమాఖర్చులను పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. మౌనం పేర్పుకు ఒక్క పాయింటూ కలపదు. చాటడం విలువను పెంచుతుంది. మౌనం ఉన్న విలువను కాపాడటం వరకే చేయగలదు. అందువల్ల దాచుకోవడానికి సమర్థన కావాలంటే ముందు దాచదగ్గ విలువ చేతిలో ఉండాలి. ఖాళీ పెట్టెకు తాళం వేసి ప్రయోజనం లేదు. ఈ వ్యాసం చెప్పేది అదే. చాటడమే మామూలు దారి. మౌనం పాటించినవాడు ప్రతిసారీ తనకు తాను కారణం చెప్పుకోగలగాలి. ‘ఎందుకైనా మంచిదని’ అన్నది కారణం కాదు.

ఒకే పేర్పు, రెండు తీర్పులు

మొదట చూపిన 13 బిళ్లల దగ్గరికే మళ్లీ వద్దాం. అన్నీ సీక్వెన్సులే, చివరి సీక్వెన్సు రెండు వైపులా తెరిచి ఉంది. దీన్ని పిన్‌ఫు అంటారు, ఒక హాన్. ఒకట్లూ తొమ్మిదులూ గాలులూ డ్రాగన్లూ లేవు. ఇది తన్యావో, ఇంకో హాన్. ఈ డీల్‌లో బోనసు బిళ్ల, అంటే డోరా, మన చేతిలో లేనిదేదో అనుకుందాం. నోరు మెదపకుండా ఇంకొకరు పారేసిన బిళ్లతో గెలిస్తే 2,000 పాయింట్లు. రీచి చెప్పి గెలిస్తే 3,900. ఉరా డోరా ఒక్కటి తగిలితే 7,700. పూర్తయిన ఈ పేర్పులో 13 రకాల బిళ్లలుంటాయి. మొత్తం 34 రకాల్లో వాటిలో ఒకటి ఉరా డోరా అయ్యే అవకాశం మూడింట ఒక వంతుకు కాస్త పైనే. ఆ లెక్కన రీచితో వచ్చే గెలుపు సగటున 5,200 దాకా పలుకుతుంది. మౌనంగా వంద గెలుపులు దక్కే చోట చాటడం వల్ల నలభైకి పడిపోయినా పాయింట్ల లెక్కలో పోయిందేమీ లేదు. ఎనిమిది బిళ్లల కోసం రెండు వైపులా కాచుకున్న పేర్పుకు గెలుపు అవకాశం అంతగా పడిపోదు. మిగతా ముగ్గురూ ఆ బిళ్లలను బిగబట్టినా గోడ నుంచి మన చేతికే వచ్చే దారి ఉంది. ఇక్కడ మౌనం పాటించడమంటే రెండు వేలకే సంతృప్తిపడి సగానికి పైగా విలువను వదిలేయడమే.

ఇప్పుడు ఒక్కటే మారుద్దాం. గోడ మీద తిప్పి ఉంచిన సూచిక బిళ్ల చుక్కల 7 అయింది. దాని తరవాతి అంకె, చుక్కల 8, ఇప్పుడు డోరా. మన జతలోని రెండు ఎనిమిదులూ చెరొక హాన్ మోసుకొచ్చాయి. చేతిలోని 13 బిళ్లల్లో ఒక్కటీ మారలేదు. పేర్పు మాత్రం నాలుగు హాన్లకు ఎక్కింది. మౌనంగా గెలిస్తే 7,700. రీచి చెబితే అయిదు హాన్లు, 8,000. పెరిగింది మూడు వందలు! ఈ 7,700ను ఏకంగా 8,000గానే లెక్కించే నిబంధన ఉన్న చోట పెరిగేది సున్నా. ఉరా డోరా ఆశ కూడా కలుపుకుంటే సగటు 9,400 దాకా వెళ్తుంది కానీ, చాటడం వల్ల అయిదు గెలుపుల్లో ఒకటి చేజారితే ఆ లాభం ఆవిరైపోతుంది. ముగ్గురు జాగ్రత్తపడితే అయిదింట ఒకటి చేజారడం వింత కాదు. దాచదగ్గ విలువ చేతికొచ్చింది కాబట్టి మౌనానికి ఇక్కడ తొలిసారి కారణం దొరికింది. గోడ మీది ఒక్క బిళ్ల చుక్కల 7 కావడంతో సరైన జవాబే మారిపోయింది. ఈ తేడాను గమనించని ఆటగాడు ధైర్యవంతుడైనా, జాగ్రత్తపరుడైనా సగంసార్లు తప్పే చేస్తాడు.

దీని వెనక ఉన్నది పాయింట్ల మెట్ల నిర్మాణం. డీలర్ కాని ఆటగాడికి ఇలాంటి పేర్పు మీద మెట్లు ఇలా ఉంటాయి: 1,000, 2,000, 3,900, 7,700. ప్రతి మెట్టుకూ విలువ దాదాపు రెట్టింపు. ఆ తరవాత ‘మంగాన్’ అనే కప్పు అడ్డొస్తుంది. అయిదు హాన్లకు 8,000 దగ్గర ఆగిపోతుంది. ఆరు, ఏడు హాన్లకు 12,000. ఎనిమిది నుంచి పది దాకా 16,000. అంటే కింది మెట్ల మీద ఒక్క హాన్ రెట్టింపు తెస్తే, నాలుగో మెట్టు నుంచి అయిదుకు వెళ్తే దాదాపు ఏమీ రాదు, అయిదు నుంచి ఆరుకు సగం పెరుగుతుంది, ఆరు నుంచి ఏడుకు మళ్లీ ఏమీ రాదు. రీచి తెచ్చే హాన్ పేరుకు ఒకటే అయినా విలువ చోటును బట్టి మారుతుంది. చేతిలో ఆరు హాన్లున్నవాడు చాటితే తక్షణ లాభం సున్నా, ముప్పు మాత్రం పూర్తిగా అతనిదే. చేతిలో ఒక్క హాన్ ఉన్నవాడు దాచితే తన సొమ్ము తనే సగం చేసుకున్నట్టు. చిన్న ఆటను గుట్టుగా, పెద్ద ఆటను దర్జాగా ఆడాలని మనసు చెబుతుంది. లెక్క దానికి సరిగ్గా ఎదురు చెబుతుంది. చిన్నదాన్ని చాటాలి, పెద్దదాన్ని దాచాలి.

శత్రువుకు మనమే చెప్పడం ఎందుకు?

ఇక్కడ సహజంగా లేచే అభ్యంతరం ఒకటుంది. గెలుపు అంచున ఉన్న సంగతి ఎదుటివాళ్లకు చెప్పడమంటే వాళ్ల చేతికి కవచం ఇచ్చినట్టే కదా? చెప్పకపోతే వాళ్లు తెలియక ఆ బిళ్లను పారేసేవాళ్లు కదా? ఈ వాదనలో నిజం ఉంది, కానీ సగమే. కవచం తొడుక్కున్నవాడు కత్తి కింద పెట్టాల్సి వస్తుందన్నది మిగతా సగం. రీచి విన్న ఆటగాడు భద్రమైన బిళ్లలు వెతుక్కోవడానికి తన జట్లనే విడగొట్టుకుంటాడు. అతను అప్పటిదాకా కట్టుకుంటున్న పేర్పు కూలిపోతుంది. మన రెండు వేల ఆటకు భయపడి తన ఎనిమిది వేల ఆటను వదులుకున్నవాడు మనకు చెల్లించిన మూల్యం ఏ పట్టికలోనూ కనపడదు. కనపడకపోయినా అది చెల్లింపే. బిళ్లలన్నీ అయిపోయి ఎవరూ గెలవకుండా డీల్ ముగిస్తే, ఒక్క బిళ్ల దూరంలో లేనివాళ్లు ఉన్నవాళ్లకు కలిపి 3,000 పాయింట్లు ఇచ్చుకోవాలి. ముగ్గురూ వెనక్కి తగ్గితే ఆ మొత్తం ఒక్కరికే. అందువల్ల చాటడాన్ని సమాచారం పోగొట్టుకోవడంగా మాత్రమే చూస్తే పొరపాటు. బల్ల మీద అదొక ఒత్తిడి, ఎదుటివాళ్ల చేతులు కట్టేసే సాధనం.

ఒక్క యాకు కూడా లేని పేర్పును దాచుకోవడం మౌనాల్లో అన్నిటికంటే ఖరీదైనది. పై పేర్పునే కాస్త మార్చి చూద్దాం. చుక్కల ఎనిమిదుల బదులు తొమ్మిదులు, వెదురు 3-4 బదులు 3-5 ఉన్నాయనుకోండి. ఇప్పుడు వెదురు 4 ఒక్కటే దిక్కు, అవీ నాలుగే. పిన్‌ఫు పోయింది, తన్యావో పోయింది. మౌనంగా ఉంటే ఎదుటివాడు వెదురు 4ను కళ్లముందే పారేసినా మీరు నోరెత్తలేరు. గోడ నుంచి మీకై మీరు తీసుకుంటే తప్ప గెలుపు లేదు. పైగా కాచుకున్న బిళ్ల కళ్లముందు పోయాక, మళ్లీ మీరు ఒక బిళ్ల తీసి పారేసేదాకా ఎవరి దగ్గరా గెలిచే హక్కు ఉండదు. ‘ఫురితెన్’ నిబంధన అది. ఎదుటివాళ్లు తెలియక పారేస్తారన్నదే మౌనానికి ఆధారమైనప్పుడు, పారేసినా తీసుకోలేని చోట ఆ ఆధారం ఎక్కడిది? ఇలాంటి మౌనంలో పెట్టె ఖాళీ, తాళం మాత్రం గట్టిది.

అయినా ఈ చోట కూడా మౌనానికి ఒక నిజమైన సమర్థన ఉంది. పేర్పు ఇంకా ఎదగబోతోందనుకుంటే ఆగడం న్యాయమే. పైన చెప్పిన బలహీనమైన పేర్పునే జాగ్రత్తగా చూడండి. వెదురు 6 వస్తే 3ను పారేసి రెండు వైపులా తెరిచిన పిన్‌ఫుగా మార్చుకోవచ్చు. వెదురు 2 వచ్చినా 5ను వదిలి అదే పని చెయ్యొచ్చు. అక్షరాల 5 వస్తే 2ను వదిలేయాలి. అప్పుడు వెదురు 4తో మూడు రంగుల్లోనూ 3-4-5 కుదిరే పేర్పు తయారవుతుంది, దానికే రెండు హాన్లు. గెలిపించే బిళ్లలు నాలుగైతే, ఈ మూడు దారుల్లోనే పేర్పును బాగుచేసే బిళ్లలు పదకొండు. ఒక్కో డీల్‌లో గోడ నుంచి తీసే బిళ్లలు 70, అంటే ఒక్కొక్కరికి పదిహేడు, పద్దెనిమిది సార్లే అవకాశం. అయిదో ఆరో వంతులో ఉన్నప్పుడు ఒకటి రెండు చుట్లు ఆగి ఆ పదకొండు బిళ్లలకు తలుపు తెరిచి ఉంచడం తెలివైన పనే. పన్నెండో వంతు దాటాక అదే పని చేస్తే గడువు తీరిపోయినా విత్తనం కోసం ఎదురుచూసినట్టు. దేనికోసం ఆగుతున్నామో, ఎన్ని బిళ్లల కోసమో, ఎంతసేపో చెప్పగలిగితే ఆ మౌనానికి అర్థం ఉంది. చెప్పలేకపోతే అది వాయిదా మాత్రమే.

వాడుకోని స్వేచ్ఛ

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. రీచి చెప్పాక పేర్పు బిగుసుకుపోతుంది. ఎదుటివాడు ఆ తరవాత పెద్ద ఆటతో ఎదురు తిరిగితే, అతనికి కావలసిన బిళ్లే మన చేతికొస్తే, తెలిసి తెలిసి దాన్ని పారెయ్యాలి. మౌనంగా ఉన్నవాడు ఆ క్షణంలో గెలుపు ఆశ వదులుకుని భద్రమైన బిళ్ల పారేసి తప్పించుకోగలడు. ఈ స్వేచ్ఛకు విలువ ఉందన్నది కాదనలేని నిజం. ఎదుటి ఆటగాడు రెండు మూడు జట్లు బహిరంగంగా కట్టి, వాటిలో డోరాలు కనపడుతూ, అతను కూడా గెలుపు అంచున ఉన్నట్టు బల్ల చెబుతుంటే ఆ స్వేచ్ఛ బంగారమే. అప్పుడు మౌనం సరైనదే. కానీ స్వేచ్ఛ విలువ దాన్ని వాడుకునేవాడికే దక్కుతుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ప్రమాదకరమైన బిళ్ల నిజంగా చేతికొస్తే నేను ఈ పేర్పును విడగొడతానా? ‘ఇంత దాకా వచ్చాక వదలను, తోసేస్తాను’ అన్నది నిజాయితీ గల జవాబైతే, మౌనంగా ఉండి కొనుక్కున్న స్వేచ్ఛను మనం వాడబోవడం లేదు. ముప్పు రీచి చెప్పినవాడికి ఉన్నంతా మనకూ ఉంది, రీచి తెచ్చే విలువ మాత్రం లేదు. చాలామంది మౌనం సరిగ్గా ఇలాంటిదే. రెండు పడవల్లోనూ కాలు పెట్టినట్టుంటుంది, నిజానికి ఏ పడవా వాళ్లది కాదు.

మూడో అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచి వస్తుంది. సగటు లెక్కలు వేల ఆటలకు సరిపోతాయి గానీ, ఈ బల్ల మీద, ఈ ముగ్గురి మధ్య, ఈ డీల్‌లో గాలి ఎటు వీస్తోందో లెక్క చెప్పగలదా అంటారు వాళ్లు. జపాన్ మాజాంగ్ సంస్కృతిలో ఆట ప్రవాహాన్ని పసిగట్టాలన్న నమ్మకం బలంగా ఉండేది. దానికి ఎదురుగా 2004లో తోత్సుగెకి తోహొకు అన్న కలం పేరుతో ‘కగకు సురు మాజాన్’ అనే పుస్తకం వచ్చింది. ఆన్‌లైన్ ఆటల రికార్డులను గణాంకాలుగా విశ్లేషించి, రీచి లాంటి నిర్ణయాలను లెక్క మీద నిలబెట్టింది. 2019లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుల ‘సుఫెక్స్’ అనే కృత్రిమ మేధ ‘తెన్‌హో’ అనే ఆన్‌లైన్ వేదికలో పదో దాన్ స్థాయికి చేరింది. అందులో ఏ బిళ్ల పారెయ్యాలో తేల్చే నమూనాతో సంబంధం లేకుండా, రీచి చెప్పాలా వద్దా అన్నది ఒక్కటే తేల్చేందుకు ప్రత్యేకంగా ఒక నమూనాను పెట్టారు. ఇది పక్క ప్రశ్న కాదు, దానికదే ఒక శాస్త్రం అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే అనుభవజ్ఞుల మాటలో తీసుకోవలసింది కూడా ఉంది. సగటు అన్నది బయల్దేరే చోటు, చేరే చోటు కాదు. పారేసిన బిళ్లల వరస, బయట కట్టిన జట్లు, ఎవరికెన్ని పాయింట్లున్నాయన్న పట్టిక ఇవన్నీ కంటికి కనపడే సాక్ష్యాలు. వాటిని బట్టి సగటును సవరించుకోవడం నేర్పు. కనపడని ప్రవాహాన్ని బట్టి సవరించడం మాత్రం భయానికి పెట్టిన ఇంకో పేరు. ఎటూ తేలకపోతే రీచే చెప్పమని జపాన్ ఆటగాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మాట ఈ లెక్కలన్నిటి సారమే.

ఆఖరి డీల్ తీర్పు

ఇప్పటిదాకా పాయింటును పాయింటుగానే లెక్కేశాం. ఆఖరి డీల్‌లో ఆ కొలబద్దే మారిపోతుంది. 2018లో మొదలైన ‘ఎమ్ లీగ్’ జపాన్‌లో జట్ల మధ్య జరిగే వృత్తిపరమైన పోటీ. ఆటగాళ్లు జూదానికి దూరంగా ఉండాలన్నది దాని షరతు. అందులో ప్రతి ఆట చివర మొదటి స్థానానికి 50,000, రెండో స్థానానికి 10,000 కలుపుతారు. మూడో స్థానానికి 10,000, నాలుగో స్థానానికి 30,000 కోస్తారు. మొదటికీ రెండోదానికీ తేడా 40,000. డీలర్ కాని ఆటగాడు ఒకే పేర్పుతో గెలవగలిగే మహా విజయం ‘యాకుమన్’ విలువే 32,000. అంటే ఆఖరి డీల్‌లో రెండో స్థానం నుంచి మొదటికి ఎక్కడం అలాంటి యాకుమన్ కంటే విలువైనది. ఇప్పుడు ఒక ఆటగాడు 34,000తో ముందున్నాడు, వెనకున్నవాడికి 30,500 ఉన్నాయనుకుందాం. ముందున్నవాడి చేతిలో వెయ్యి పాయింట్ల పిన్‌ఫు మాత్రమే ఉంది. మొదటి డీల్‌లో అయితే ఇది తప్పక చాటవలసిన పేర్పు. ఇప్పుడు మాత్రం గెలుపు వెయ్యిదైనా, పదివేలదైనా ఆట ముగిసేది ఒకేలా, స్థానం దక్కేదీ ఒకేలా. చాటితే వెయ్యి పుల్ల బల్ల మీదికి పోయి తేడా తగ్గుతుంది, తప్పించుకునే దారి మూసుకుంటుంది. కాబట్టి అతను దాచాలి. చేతిలో ఉన్నది వెయ్యే అయినా అతను కాపాడుతున్నది నలభై వేలు. పెట్టెలో దాచదగ్గ విలువ ఉంది, అది బిళ్లల్లో కాక పట్టికలో ఉంది.

అదే డీల్‌లో రెండో స్థానంలో ఉన్నవాడి వైపు నుంచి చూడండి. అతని చేతిలో మన పాత పేర్పే ఉంది, డోరాలు లేవు, మౌనంగా విలువ 2,000. దాటవలసిన తేడా 3,500. మూడో, నాలుగో ఆటగాడి బిళ్లతో మౌనంగా గెలిస్తే రెండో స్థానం దగ్గరే ఆగిపోతాడు. రీచి చెబితే 3,900. ఎవరి బిళ్లతో గెలిచినా మొదటి స్థానం అతనిదే. అతను చాటి తీరాలి. ఇద్దరికీ దూరం ఒక్క బిళ్లే, డీల్ ఒకటే, బల్ల ఒకటే. ఒకరికి మౌనం ధర్మం, ఇంకొకరికి చాటడం ధర్మం. మౌనాన్ని స్వభావంగా తీసుకున్నవాడు ఈ రెండో చోట ఓడతాడు. చాటడాన్ని స్వభావంగా తీసుకున్నవాడు మొదటి చోట ఓడతాడు.

ఇంకొక్క మాట. దాచినదంతా నిజంగా దాగుతుందని అనుకోకూడదు. ప్రతి వంతులోనూ తీసిన బిళ్లను తీసినట్టే పారేస్తున్న ఆటగాడిని, అప్పటిదాకా పట్టుకున్న డోరాను ఉన్నట్టుండి వదిలిన ఆటగాడిని, ప్రమాదకరమైన బిళ్లను జంకు లేకుండా తోసిన ఆటగాడిని మంచి కళ్లు పట్టేస్తాయి. అప్పుడు మౌనం నుంచి ఆశించిన లాభం సగం పోతుంది, రీచి తెచ్చే విలువ ఎటూ రాలేదు. మౌనం విలువను కాపాడగలదన్నాం కానీ, ఆ కాపుదల కూడా పూర్తిది కాదు. తూచేటప్పుడు ఈ లోపాన్నీ తక్కెడలో వెయ్యాలి.

‘సంసారం గుట్టు, రోగం రట్టు’ అని మన పెద్దలు అన్నారు. దాచమనీ చెప్పలేదు, చాటమనీ చెప్పలేదు. ఏది దాస్తే నిలబడుతుందో దాన్ని దాచమన్నారు, ఏది దాస్తే ముదురుతుందో దాన్ని నలుగురికీ చెప్పమన్నారు. జపాన్ మాజాంగ్ ఆ విచక్షణనే బల్ల మీద పెట్టి, డీల్ డీల్‌కూ పరీక్షిస్తుంది. నిండిన పేర్పు సంసారం లాంటిది. దాస్తే నిలుస్తుంది. బలహీనమైన పేర్పు రోగం లాంటిది. దాస్తే ముదిరి చేతిలోనే చచ్చిపోతుంది. వెదురు 2 కోసమో 5 కోసమో కాచుకున్న ఆ ఆటగాడి దగ్గరికి చివరిసారిగా వెళ్దాం. చేతిలోని బిళ్లను బల్ల మీదికి చాపేముందు అతను చూడవలసినవి మూడే. గోడ మీద తిప్పి ఉన్న సూచిక బిళ్ల, నలుగురి పాయింట్లు, తన మనసు. మొదటిది దాచదగ్గ విలువ ఉందో లేదో చెబుతుంది. రెండోది ఆ విలువ ఇంకెక్కడైనా ఉందేమో చెబుతుంది. మూడోది, ముప్పు ఎదురైతే నిజంగా వెనక్కి తగ్గుతాడో లేదో చెబుతుంది. మూడూ చూసి నిలువుగా పెడితే అది మౌనం. ఒక్కటీ చూడకుండా నిలువుగా పెడితే అది జంకు. బయటినుంచి రెండూ ఒకేలా కనపడతాయి. తేడా తెలిసేది అతనొక్కడికే, ఆట నేర్పేదీ ఆ తేడానే.